తావో అంటే మార్గమేనా? రేనాటి నేలపై ఒక సంవాదం

చీనా తత్త్వచింతనలో 'తావో' అన్న పదానికి ఉన్న వ్యాప్తి మరే పదానికీ లేదు. కన్ఫ్యూషియస్ సంప్రదాయం వారు, లావోత్సేను గురువుగా ఎంచినవారు, రాజనీతి బోధించిన హాన్ ఫేత్సే వంటివారు, చివరకు భారతదేశం నుండి వెళ్లిన బౌద్ధాన్ని స్వీకరించినవారు కూడా తమ సిద్ధాంతాల్లో ముఖ్యస్థానాన్ని ఈ ఒక్క మాటకే ఇచ్చి, ఒక్కొక్కరు ఒక్కో అర్థాన్ని దానికి చేర్చారు. ఈ పదాన్ని సంస్కృతంలో ఏమనాలి అన్న ప్రశ్న క్రీ.శ. 647లో, తాంగ్ చక్రవర్తి తైత్సుంగ్ ఆజ్ఞ మీద జరిగిన ఒక అనువాద సందర్భంలో, చాంగాన్ నగరంలో గట్టి వాదానికి కారణమైంది. ఆ వాదంలో ఒక పక్షాన నిలిచిన భిక్షువు హుయాన్‌త్సాంగ్ అంతకు సుమారు ఎనిమిదేళ్ల ముందు ఆంధ్రదేశానికి వచ్చినవాడు. ధాన్యకటకం నుండి నైరుతి దిక్కుగా వేయి లీలకు పైగా వెళితే (లీ అనే చీనా దూరమానం అర కిలోమీటరుకు కాస్త అటూ ఇటూ ఉంటుంది) వస్తుందని అతడు రాసిన 'చూలియె' దేశాన్ని రేనాటి చోళుల రాజ్యంగా పలువురు చరిత్రకారులు గుర్తించారు. కడప నేలలోని జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, కమలాపురం, పులివెందుల ప్రాంతాలు ఆ రేనాటి సీమ. ముద్దనూరుకూ పులివెందులకూ నడుమ ఉన్న తొండూరు కూడా ఆ సీమలోని ఊరే.

అందువల్ల ఈ పదచర్చ కడప నేలకు పరాయిది కాదు. దాన్ని తేటపరచడం కోసం తొండూరుకు చెందిన ఇద్దరు వాదులను ఇక్కడ కల్పించడమైనది. ఒకరు వేదాంతం చదువుకున్న సంస్కృత పండితులు. తావో అంటే ఉపనిషత్తులు చెప్పిన బ్రహ్మమేనని వారి పక్షం. మరొకరు ఉన్నత పాఠశాలలో చరిత్ర చెప్పే అయ్యవారు. ఆ పదం దారి అన్న అర్థం నుండి పుట్టి పెరిగింది కనుక ఆ అర్థాన్ని వదిలేస్తే చేతిలో మిగిలేది మన మాటే తప్ప వారి మాట కాదని వీరి పక్షం.

పండితులు: అయ్యవారూ, లావోత్సే పేరిట నిలిచిన తావో తే చింగ్ 81 అధ్యాయాల్లో, సుమారు 5,000 అక్షరాల్లో ముగిసే చిన్న గ్రంథం. అది మొదలుకావడమే తావో మాటలకు అందదన్న భావంతో మొదలవుతుంది. 25వ అధ్యాయం భూమ్యాకాశాలకు ముందే ఉన్న ఏకాకి వస్తువు ఒకటి ఉన్నదని, దాని అసలు పేరు ఎవరికీ తెలియదు కనుక తావో అన్నది పిలుపు కోసం పెట్టుకున్నదేనని చెబుతుంది. 42వ అధ్యాయం సకల వస్తువులూ అంచెలంచెలుగా దాని నుండి పుట్టుకొచ్చిన క్రమాన్ని వర్ణిస్తుంది. వాక్కుకు అందనిది, జగత్తుకు కారణమైనది, నామరూపాలకు పూర్వం ఉన్నది అయిన తత్త్వానికి మన శాస్త్రంలో బ్రహ్మమని పేరు. లక్షణాలు ఒకటైనప్పుడు వస్తువు వేరని చెప్పడానికి ఆధారమేమిటి?

అయ్యవారు: స్వామీ, లావోత్సే గ్రంథం తావో కథలో మొదటి అధ్యాయం కాదు, చాలా తరువాతి అధ్యాయం. ఆ పదాన్ని రాసే అక్షరం పశ్చిమ చౌ వంశ కాలపు కంచుపాత్రల మీది శాసనాల్లోనే ఉంది. నడకను సూచించే భాగమొకటి, తలను సూచించే భాగమొకటి కలిసి ఆ అక్షరం ఏర్పడింది. తల ఏ దిక్కుకు తిరిగితే ఆ దిక్కుకు సాగే నడక అని కొందరు, తల భాగం ఉచ్చారణను తెలపడానికే వచ్చిందని కొందరు వివరిస్తారు. 1993లో హూపే రాష్ట్రంలోని క్వోత్యెన్ గ్రామం దగ్గర సుమారు క్రీ.పూ. 300 నాటి సమాధిలో వెదురుబద్దల గ్రంథాలు దొరికాయి. లావోత్సే గ్రంథభాగాలు ఉన్న బద్దలు వాటిలో 71. ఆ బద్దల మీద తావో అన్న మాటను కొన్నిచోట్ల ఇంకొక విధంగా రాశారు: నాలుగు దారులు కలిసే కూడలి బొమ్మ, దాని నడుమ ఒక మనిషి. లావోత్సే మాటలను చేతితో రాసుకున్న తొలితరం లేఖకుడికే ఆ పదం వినగానే కూడలిలో నిలబడిన మనిషి కళ్లముందు మెదిలాడంటే, దారి అన్న అర్థం ఎక్కడో వెనుకబడి మరుగైన పాతబడ్డ అర్థం కాదని తేలుతుంది.

ఆ పదం నామవాచకంగా దారి, క్రియగా దారి చూపడం, నడిపించడం. ప్రాచీన చీనా గ్రంథాల్లో ఒకటైన షూచింగ్‌లో యూ అనే రాజు వరదలను అదుపు చేసిన కథ ఉంది. నదులకు కాలువలు తీసి, అవి పారవలసిన వైపు పారేలా చేయడానికి అక్కడ వాడిన క్రియ ఈ పదానికి తోబుట్టువే. చెప్పడం, పలకడం అన్న మూడో అర్థం కూడా దానికే ఉంది. తావో తే చింగ్ మొదటి వాక్యంలో ఈ అర్థమూ దారి అన్న అర్థమూ పక్కపక్కనే రావడం వల్లే ఆ వాక్యం ప్రతి అనువాదకుడినీ ఇబ్బంది పెడుతుంది. ఇక కన్ఫ్యూషియస్ దృష్టిలో తావో అంటే పూర్వరాజులు నడిచిన నడత, అంటే కర్మకాండ, మర్యాద, పరిపాలన కలిసిన మానవధర్మం. అక్కడ సృష్టి ఊసు లేదు, బ్రహ్మం ఊసు అంతకన్నా లేదు.

పండితులు: ఒక మాటకు పుట్టుకలో ఉన్న అర్థమే చివరివరకూ ఉండాలన్న నియమం ఎక్కడా లేదు. బ్రహ్మ శబ్దం మాత్రం మొదటినుండీ పరతత్త్వాన్నే చెప్పిందా? వేదంలో అది మంత్రాన్ని, స్తోత్రాన్ని చెప్పిన పదం. పెరుగుదలను తెలిపే ధాతువు నుండి పుట్టి, క్రమంగా పెరిగి పెరిగి జగత్కారణాన్ని చెప్పే స్థాయికి చేరింది. అలాగే దారి కూడా పెరిగి పరతత్త్వమైంది. పోనీ, బ్రహ్మం మీకు రుచించకపోతే ఋతం అన్న పదం ఉంది. అది కూడా కదలికను తెలిపే ధాతువు నుండి పుట్టిందే. నదులు పారడం, ఉషస్సు వేళకు రావడం, సూర్యుడు తన తోవ తప్పకపోవడం అన్నీ ఋతమే. మీరు చెప్పిన కాలువల కథకు ఇంతకన్నా దగ్గరి మాట ఏ భాషలో దొరుకుతుంది?

ఈ జవాబును తేలికగా తీసుకోవడం తగదు. ఋతం, తావో రెండూ ప్రకృతిలోని క్రమాన్ని గమనించిన సమాజాల మాటలు. రెండింటికీ నడకతోనూ నీటితోనూ సంబంధముంది. బ్రహ్మంతో పోల్చినప్పుడు కనబడని పోలిక ఇక్కడ నిజంగానే కనబడుతుంది. అయ్యవారి పక్షం కూడా దీన్ని కాదనదు. అయితే పోలికను ఒప్పుకొంటూనే తేడా ఎక్కడ మొదలవుతుందో చూపిస్తుంది.

అయ్యవారు: ఋతం విషయంలో మీ మాట చాలావరకు ఒప్పే. కానీ ఋతానికి కాపలాదారు ఉన్నాడు. వరుణుడు దాన్ని కాపాడుతాడు, తప్పినవారిని పాశాలతో కట్టి శిక్షిస్తాడు. లావోత్సే తావోకు కాపలా లేదు, ఆజ్ఞ లేదు, శిక్ష లేదు. అది పనిగట్టుకుని ఏదీ చేయదు, అయినా ఏ పనీ ఆగదు. ఈ తీరునే 'వూ వెయ్' అన్నారు. సోమరితనం అని కాదు, వస్తువు స్వభావానికి ఎదురు తిరిగి బలవంతం చేయకపోవడమని దాని అర్థం. బ్రహ్మంతో పోల్చినా ఇంతే. బ్రహ్మాన్ని ఎరిగినవాడికి జగత్తు మిథ్య అని మీ అద్వైతం చెబుతుంది. తావో తత్త్వవేత్త చువాంగ్‌త్సేను తావో ఎక్కడుందని ఒకాయన నిలదీస్తే చీమలో ఉందని, కలుపుమొక్కలో ఉందని, పెంకుముక్కలో ఉందని, ఆఖరుకు మలమూత్రాల్లోనూ ఉందని చెప్పి అడిగినవాడి నోరు మూయించాడు. మిథ్య అని తోసేయడానికి ఆ తావో దగ్గర ఏ వస్తువూ లేదు.

పండితులు: అద్వైతమొక్కటే వేదాంతం కాదు, విశిష్టాద్వైతులు జగత్తును మిథ్య అనరు. సరే, హుయాన్‌త్సాంగ్ చేసిన అనువాదం దగ్గరకే వద్దాం. ఆ రోజు నిజంగా జరిగిందేమిటో మీరే చెప్పండి.

అయ్యవారు: కామరూపాన్ని, అంటే నేటి అస్సాం ప్రాంతాన్ని, పాలించిన భాస్కరవర్మ లావోత్సే గ్రంథం కావాలని కోరినట్లు చీనా రాయబారి లీ యిప్యావ్ తిరిగి వెళ్లి చక్రవర్తికి విన్నవించాడు. తాంగ్ రాజవంశం వారు తాము లావోత్సే వంశీయులమని చెప్పుకొన్నవారు. 637లో తావో మతాచార్యులకు బౌద్ధ భిక్షువుల కంటె ముందువరుస ఇస్తూ తైత్సుంగ్ ఆజ్ఞ కూడా చేశాడు. అందువల్ల ఆ గ్రంథం సంస్కృతంలోకి వెళ్లడం రాజ్యానికి గౌరవం. సంస్కృతం వచ్చిన హుయాన్‌త్సాంగ్‌ను, త్సై హువాంగ్, చెంగ్ హువాన్‌యింగ్ మొదలైన ముప్పైమందికి పైగా తావో పండితులను ఒకచోట కూర్చోబెట్టారు. ఒక్కొక్క వాక్యం అర్థాన్ని వారు చెబితే, అది స్థిరపడ్డాక ఇతడు అనువదించాలి. తావో అన్న మాటను 'బోధి' అని పెట్టమని వారు పట్టుబట్టారు. చాలాకాలంగా చీనాదేశంలో అందరూ బోధి అంటే తావో అనే చెప్పుకొంటున్నారని వారి ఆధారం. హుయాన్‌త్సాంగ్ ఒప్పుకోలేదు. బోధి అంటే మేల్కొన్న జ్ఞానమని, తావో అంటే 'మార్గ' శబ్దమేనని, నమ్మకం లేకపోతే భారతదేశం నుండి వచ్చిన ఎవరినైనా పిలిచి, కాళ్లతో నడిచే దారిని మీ దేశంలో ఏమంటారని అడగండని, వారు మార్గమనకపోతే తప్పు తనదేనని తేల్చి చెప్పాడు.

ఆ వివాదాన్ని ఏడో శతాబ్దపు బౌద్ధ రచయిత తావోహువాన్ గ్రంథస్థం చేశాడు. రాసినవాడు బౌద్ధుడే కనుక అందులో హుయాన్‌త్సాంగ్ గెలుపు కాస్త పెద్దదిగా కనబడే అవకాశం ఉందన్నది పాఠకులు గుర్తుంచుకోవలసిన మాట. అయినా రెండు పక్షాల వాదనలూ అందులో తగినంత వివరంగానే నిలిచాయి.

పండితులు: అదే గ్రంథం ప్రకారం తావో పండితులు మరో మాట కూడా అన్నారు. బౌద్ధాచార్యుడైన నాగార్జునుని మధ్యమకశాస్త్రం, మరో బౌద్ధాచార్యుడైన ఆర్యదేవుని శతశాస్త్రం లావోత్సే చెప్పినదానికి దగ్గరగా ఉన్నాయని, ఆ శాస్త్రాల మాటలతోనే తావో తే చింగ్‌ను వివరించవచ్చునని వారి అభిప్రాయం. ఆ రెండు గ్రంథాలనూ బౌద్ధ అనువాదకుడు కుమారజీవుడు చాంగాన్‌లోనే 409లో ఒకటి, 404లో ఒకటి చీనా భాషలోకి తెచ్చాడు. వాటిని రెండు శతాబ్దాలకు పైగా చదివినవారి అభిప్రాయమది, ఊరికే తోసేయదగినది కాదు. పైగా చీనాకూ మన నేలకూ సంబంధం హుయాన్‌త్సాంగ్‌తో మొదలైంది కాదు. నాగార్జునకొండలో ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 14వ రాజ్యసంవత్సరంలో ఉపాసిక బోధిసిరి వేయించిన శాసనం, తామ్రపర్ణి (సింహళం) ఆచార్యులు ధర్మం నాటిన దేశాల జాబితాలో కాశ్మీర, గాంధారాలతోపాటు చీనా పేరును కూడా పేర్కొంది. ఇంతటి రాకపోకలున్నచోట భావాలు కలవకుండా ఉంటాయా?

అయ్యవారు: స్వామీ, భావాలు కలిశాయి, ఆ కలయికలోనే పొరపాటూ పుట్టింది. రెండో శతాబ్దంలో లోకక్షేముడు ప్రజ్ఞాపారమితా గ్రంథాన్ని అనువదించినప్పుడు దాని పేరులోనే తావో అన్న మాట చేర్చాడు. వస్తువుల యథాస్థితిని తెలిపే 'తథతా' శబ్దానికి 'మూలంలోని లేమి' అన్న అర్థం వచ్చే లావోత్సే సంప్రదాయపు మాట పెట్టాడు. ఆ లేమిని వారు 'వూ' అంటారు. లావోత్సే దృష్టిలో ఉనికి అంతా ఆ వూ నుండి పుట్టుకొస్తుంది. దాంతో నాగార్జునుని శూన్యత కూడా అలాంటి పుట్టుకస్థానమేనని చదువరులు అనుకున్నారు. శూన్యత అంటే వస్తువులకు వాటంతట వాటికి ఉన్న స్వభావం లేకపోవడం, ఒకదానిమీద ఒకటి ఆధారపడి పుట్టడం. అది దేనినీ కనదు, ఏ వస్తువుకూ మూలం కాదు. కుమారజీవుని శిష్యుడు సెంగ్‌చావ్, 414లో చిన్నవయసులోనే మరణించే లోపు, ఈ పొరపాటును విడదీసి చూపడానికే ఒక ప్రత్యేక వ్యాసం రాశాడు. హుయాన్‌త్సాంగ్ పట్టుదల వెనుక ఈ అనుభవమంతా ఉంది.

ఇక ఆర్యదేవుడి పేరు ఎత్తారు కనుక, ఆయన వాదం చేసిన చోటు ఎక్కడిదో కూడా చూడాలి. చూలియె రాజధానికి పడమట ఉన్న పాత సంఘారామంలోనే, అంటే బౌద్ధ విహారంలోనే, ఆయనకూ ఉత్తరుడనే అర్హతుడికీ సంవాదం జరిగిందని హుయాన్‌త్సాంగ్ రాశాడు. ఆ అర్హతుడి దగ్గర ఉన్నది ఒక్కటే మంచం; వచ్చిన అతిథికి ఆసనం లేక, రాలిన ఆకులను కుప్పవేసి కూర్చోమని చూపి, తాను ధ్యానంలో మునిగి నడిరాత్రికి గాని లేవలేదు. ఆ పైన ఆర్యదేవుడు తన సందేహాలు అడగడం, ఈయన బదులు చెప్పడం, ఆ బదులు మీద ఆయన మళ్లీ ప్రశ్న వేయడం ఏడు దఫాలు సాగింది. ఏడో దఫాకు అర్హతుడికి మాట పెగలలేదు. ఎవరికీ తెలియకుండా యోగబలంతో తుషిత స్వర్గానికి వెళ్లి, రాబోయే బుద్ధుడైన మైత్రేయుణ్ణి అడిగి, క్షణంలో తిరిగి వచ్చి ఆ సమాధానం చెప్పాడు. ఇది మైత్రేయుని ప్రజ్ఞ, మీది కాదు అని ఆర్యదేవుడు వెంటనే గుర్తుపట్టాడు.

స్వర్గయాత్ర సంగతి భక్తుల నమ్మకం. అయితే వాదంలో ఎదుటివారి మాట ఎక్కడినుండి వచ్చిందో గుర్తుపట్టే సూక్ష్మదృష్టిని ఆనాటి బౌద్ధులు ఎంత గొప్ప గుణంగా ఎంచారో ఈ కథ చెబుతుంది. ఇదే యాత్రికుడు చూలియె దేశాన్ని జనం పలచగా ఉన్న అడవిసీమగా, దొంగలు బాహాటంగా తిరిగే చోటుగా, సంఘారామాలు కూలిపోయి దిగంబర జైనులు ఎక్కువగా ఉన్న దేశంగా వర్ణించాడు. ఆ వర్ణనే రేనాటికి పూర్తి చిత్రమని అనుకోకూడదు. అతడు రావడానికి ఆరు దశాబ్దాలకు ముందే, 575 ప్రాంతంలో, ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు ఇప్పటి ఎర్రగుంట్ల మండలంలోని కలమల్లలో తెలుగులో శాసనం వేయించి ఉన్నాడు. పాలకుడు తన మాటను జనం భాషలో రాతి మీద చెక్కించిన సీమను వట్టి అడవిగా ఎంచడం కుదరదు.

పండితులు: కథ బాగుంది, కానీ అది మీ పక్షానికే ఎదురు తిరుగుతుంది. ఆ అర్హతుడు అది తన మాట కాదని ఒప్పుకొని, ఆసనం దిగి, ఆర్యదేవుడికి గౌరవం చేశాడు. ఎరువు తెచ్చుకున్న మాటైనా సత్యమైతే సత్యమేనని దాని అర్థం. దానికన్నా పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. బౌద్ధంలో మార్గమంటే నాలుగు ఆర్యసత్యాల్లో చివరిది, దుఃఖనిరోధానికి సాధనం. సాధ్యం చేతికి వచ్చాక సాధనంతో పని తీరుతుంది. లావోత్సే తావో సాధనం కాదు, అది చేరుకోవలసినదీ కాదు, ఎప్పుడూ ఉన్నది. మార్గం నుండి జగత్తు పుట్టిందని సంస్కృతంలో చదివిన కామరూపం రాజుకు ఏమి అర్థమవుతుంది? దారి లోకాలను కనడమేమిటని ఆయన విస్తుపోడా? బోధి తప్పైతే కావచ్చు, మార్గం మాత్రం పూర్తిగా ఒప్పు ఎలా అవుతుంది?

ఈ అభ్యంతరానికి పూర్తి సమాధానం లేదు. చీనా బౌద్ధులు నాలుగో ఆర్యసత్యానికి తావో అనే పేరు పెట్టుకున్నారు, కనుక హుయాన్‌త్సాంగ్ చేసిన సమీకరణానికి ఆ వాడుకలో గట్టి ఆధారముంది. అయినా 25వ అధ్యాయంలోని తావోను మోయడానికి మార్గ శబ్దం చాలదన్న పండితుల మాట నిలుస్తుంది.

అయ్యవారు: చాలదన్నది నిజమే. అయితే రెండు రకాల పాఠకులను పక్కపక్కన నిలబెట్టి చూడండి. మార్గం నుండి జగత్తు పుట్టిందని చదివినవాడు ఆగుతాడు, విస్తుపోతాడు, ఇదేమి మార్గమని అడుగుతాడు. ఆ ప్రశ్న వాణ్ణి లావోత్సే వైపు ఒక అడుగు నడిపిస్తుంది. బోధి అని గాని బ్రహ్మం అని గాని చదివినవాడు ఇది తనకు ముందే తెలుసుననుకొని పుస్తకం మూసేస్తాడు. చీనాలోని చదువరులు కూడా మొదట ఆ విస్మయాన్నే అనుభవించారు. దారి అన్న మామూలు మాటను తీసుకొని జగత్తు పుట్టుకకు పెట్టడం వారి భాషలోనూ కొత్తే. ఆ కొత్తదనమే లావోత్సే చేసిన పని. దాన్ని మనకు అలవాటైన పెద్దమాటతో కప్పేస్తే ఆయన చేసిన పనే కనబడకుండా పోతుంది.

పండితులు: అయితే హుయాన్‌త్సాంగ్ ఆ గ్రంథాన్ని అభిమానంతో అనువదించాడని మీ ఉద్దేశమా? లావోత్సే గ్రంథానికి హొషాంగ్‌కుంగ్ పేరిట ఉన్న వ్యాఖ్యానపు పీఠికను అనువదించమని తావో పండితులు అడిగితే, పళ్లు కొరుకుతూ ఉమ్మి మింగే సాధనలు చెప్పే ఆ మాటలను భారతదేశానికి పంపడం తలవంపులని నిరాకరించాడు. తన మతానికి మంచి మాటలు దాచుకొని, వారికి మామూలు మాట మిగిల్చాడని ఎందుకు అనుకోకూడదు?

అయ్యవారు: ఆ ఉద్దేశం కొంత ఉండవచ్చు, స్వామీ, మతాల మధ్య పోటీ ఉన్న కొలువు అది. కానీ ఒక మాట ఒప్పో తప్పో దాన్ని వాడినవాడి మనసును బట్టి తేలదు, ఆ మాట చరిత్రను బట్టి తేలుతుంది. 1973లో చాంగ్షా దగ్గరి మావాంగ్‌త్వేలో, క్రీ.పూ. 168లో మూసిన సమాధిలో, పట్టుబట్టపై రాసిన రెండు లావోత్సే ప్రతులు దొరికాయి. వాటిలో 'తే' భాగం ముందు, 'తావో' భాగం తరువాత ఉన్నాయి. తే అంటే తావో ఒక్కొక్క వస్తువులో, ఒక్కొక్క మనిషిలో శక్తిగా, గుణంగా నిలవడం. ఆ వరుసలో చదివితే ఆ గ్రంథం నడవడితోనూ పాలనతోనూ మొదలై తరువాత సృష్టి వైపు వెళుతుంది. ఇప్పటికి నిలిచిన వ్యాఖ్యల్లో తొలిదైన హాన్ ఫేత్సే వ్యాఖ్య కూడా దాన్ని రాజ్యం నడిపే విద్యగానే చదివింది. బ్రహ్మజిజ్ఞాసగా చదివినవారు తరువాత వచ్చారు.

పండితులు: ఋతానికి దగ్గరన్న మాట మాత్రం వదులుకునే ప్రసక్తి లేదు.

అయ్యవారు: వదులుకోనక్కరలేదు, దగ్గరన్నంతవరకే అనండి.

సంవాదం ఇక్కడ ఆగినా తీర్పు చెప్పకుండా తప్పుకోవడం సరికాదు. బోధిని తిరస్కరించడంలో హుయాన్‌త్సాంగ్ పూర్తిగా ఒప్పు. మార్గం సరిపోతుందన్న ధీమాలో కొంత తప్పు. తావోను బ్రహ్మంతో ఒకటి చేసే పండితుల పక్షం నిలవదు గాని, ఋతంతో పోల్చిన పక్షం మరింత పరిశీలన కోరుతుంది. ఆనాటి సంస్కృతానువాదం ప్రతి ఒక్కటి కూడా నేటికి దొరకలేదు, కనుక భారతీయ భాషల్లో ఆ పని ప్రతిసారీ మొదటినుండి చేయవలసిందే. తెలుగులో లావోత్సేను అనువదించబూనేవారు దారి అన్న మాట అమరే ప్రతిచోటా దారి అనే రాయాలి, అది చాలని చోట తావో అన్న పదాన్నే ఉంచాలి, ఎందుకు ఉంచారో అధోజ్ఞాపికలో చెప్పాలి. పరతత్త్వమని, పరబ్రహ్మమని రాసి పాఠకుడి ప్రశ్నను ముందే తుంచేయవద్దు.